క్యాంటీన్ కార్డు సరే, సంఘం రసీదు ఏదీ?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మాజీ సైనికులకు,



మనలో దాదాపు అందరి జేబులోనూ క్యాంటీన్ కార్డు ఉంటుంది. దాని గడువు ఎప్పుడు తీరుతుందో, ఈ నెల కోటా ఎంత మిగిలిందో అడిగితే నిద్రలో లేపినా చెబుతాం. మాజీ సైనికుల సంఘం సభ్యత్వ రసీదు చూపించమంటే మాత్రం చాలామంది మాట మారుస్తారు. నేను రాస్తున్నది ఆ రసీదు గురించి.

నేనూ మీలో ఒకణ్ణే. ఆర్మీలో క్లర్కుగా చేసి, హవల్దారుగా బయటికొచ్చి, తెనాలి దగ్గర సొంతూళ్లో స్థిరపడ్డాను. క్లర్కు పని చేసొచ్చినవాడికి ఊళ్లో ఖాళీ ఉండదు. చుట్టుపక్కల ఎవరింటికి మిలటరీ కాగితం వచ్చినా ముందు నా అరుగు మీదికే వస్తుంది. ఆ కాగితాలు చూసీ చూసీ ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

సంఘంలో చేరమని అడిగితే నాకు వచ్చే జవాబు దాదాపు ఒకటే. "నాకేం తక్కువ హవల్దార్ గారూ? పెన్షన్ ఒకటో తారీకుకల్లా పడుతుంది. వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ కార్డుంది. పిల్లలు హైదరాబాద్‌లో సెటిలయ్యారు. ఆ మీటింగులూ ఆ దండలూ నాకెందుకు?" నిజమే, మీకేమీ తక్కువ లేదు. మీకు రావాల్సింది మీరు తెచ్చుకోగలరు. నా బెంగ మీ గురించి కాదు, మీ ఇంట్లోవాళ్ల గురించి. మీరు లేని రోజున మీ ఆవిడకు దారి చెప్పేదెవరు?

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది ఆ ఊరి నుంచి వెళ్లారని అక్కడివాళ్లు లెక్క చెబుతారు. తరాల తరబడి సైన్యంలోకి వెళుతున్న అలాంటి ఊళ్లో ఒక సుబేదారు కాలం చేస్తే, ఆయన భార్య ఎక్కడికీ పరుగెత్తనక్కర్లేదు. ప్రహరీ అవతలే ఇంకో సుబేదారు భార్య ఉంటుంది, "వదినా, ముందు డెత్ సర్టిఫికెట్ తీసుకో, ఆ తర్వాత ఫలానా చోటికెళ్లు" అని చెప్పడానికి. ఆ ఊరికి ఊరే ఒక సంఘం.

మన డెల్టా అలా కాదు. మనవాళ్లు కొల్లిపరలో ఒకరుంటే అమృతలూరులో ఇంకొకరు, చెరుకుపల్లిలో ఒకరుంటే నిజాంపట్నంలో మరొకరు. వీధికి ఒకే ఒక్క "మిలటరీ ఆయన". ఊళ్లో గౌరవానికి లోటు లేదు. ఆగస్టు 15న స్కూల్లో జెండా దగ్గర కుర్చీ వేస్తారు. కానీ ఆ కుర్చీ వేసినవాళ్లకు మన పెన్షన్ ఆర్డరు పీపీఓ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. బాపట్ల పక్కనే సూర్యలంకలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది కదా అంటారు కొందరు. అది సర్వీసులో ఉన్నవాళ్ల చోటు. రిటైరైన సిపాయి భార్య ఆ గేటు దగ్గర నిలబడి కుటుంబ పెన్షన్ సంగతి అడగలేదు. ఊరు ఇవ్వలేనిదాన్ని మనకు మనమే ఏర్పాటు చేసుకోవాలి. నాకు తెలిసి దానికి సంఘం తప్ప వేరే సాధనం లేదు.

ఇక కాగితాల సంగతి. మీరు విసుక్కున్నా సరే, ఇది వివరంగానే చెబుతాను.

సైన్యంలో చేరిన రోజున మన పేరు ఎలా రాసుకున్నారో గుర్తు తెచ్చుకోండి. ఇంటిపేరు ఒక్క అక్షరమై పేరుకు ముందో వెనకో తగిలింది. ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా వచ్చింది. పెళ్లయ్యాక యూనిట్లో పార్ట్ టూ ఆర్డర్ వేయించేటప్పుడు భార్య పేరు మనం ఇంట్లో పిలిచేదే చెప్పాం. తెలుగు రాని క్లర్కు తనకు వినపడినట్టు రాసుకున్నాడు. వెంకట సుబ్బమ్మ రికార్డులో సుబామా అయింది. పుట్టిన తేదీ అడిగితే అప్పట్లో ఎవరికి తెలుసు, జూలై 1 అని వేయించాం. మనం బతికున్నంత కాలం ఈ తేడాలు దేనికీ అడ్డు రావు. పెన్షన్ మన పేరు మీద పడుతూనే ఉంటుంది. మనం కన్నుమూశాక, ఆవిడ డెత్ సర్టిఫికెట్, ఆధార్ పట్టుకుని కుటుంబ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టుకుంటే, స్పర్శ్ పోర్టల్‌లో ఉన్న మనిషీ ఆధార్‌లో ఉన్న మనిషీ ఒకరు కాదని ఆ పెన్షన్ల పోర్టల్ పొమ్మంటుంది.

ఆ తప్పు దిద్దే ఆఫీసు తెనాలిలో లేదు, గుంటూరులోనూ లేదు. ఆర్టిలరీ వాళ్లయితే నాసిక్ రోడ్‌కు రాయాలి. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ శాపర్స్ అయితే బెంగళూరు. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ వాళ్లకు కాస్త నయం, సికింద్రాబాద్‌తో పోతుంది. పెన్షన్ మంజూరు చేసే ప్రధాన కార్యాలయం ప్రయాగ్‌రాజ్‌లో ఉంది. చెరుకుపల్లి దాటి ఒంటరిగా ప్రయాణం చెయ్యని మనిషికి ఈ ఊళ్ల పేర్లు ఏం తెలుస్తాయి? కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరే అయినా వాడికి రికార్డ్ ఆఫీస్ అంటే ఏమిటో తెలియదు. ఏ అఫిడవిట్ కావాలో, ఎవరి సంతకం చెల్లుతుందో, ఏ కవరు మీద ఏ నంబరు వెయ్యాలో అదే రెజిమెంట్ నుంచి వచ్చినవాడికి తెలుస్తుంది. అలాంటివాడు రేపల్లెలోనో వేమూరులోనో ఉండే ఉంటాడు. సంఘం జాబితాలో పేరుంటేనే కదా అతను ఉన్నాడని తెలిసేది!

మా వైపు ఒక నాయక్ గారు పోయాక ఆయన భార్యకు ఏడాది పైగా ఒక్క పైసా రాలేదు. పేరులో రెండక్షరాల తేడా. ఈలోపు "నేను చేయించి పెడతాను" అని వచ్చినవాడు పదిహేను వేలు తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి ఆయన యూనిట్లోనే పనిచేసిన ఒక పెద్దాయన సంఘం ద్వారా ఈ సంగతి విని, తనే దరఖాస్తు రాసి పంపాడు. ఆవిడకు ఖర్చయింది స్టాంపు పేపరూ స్పీడ్ పోస్టూ. నాయక్ గారు బతికుండగా సంఘం వాళ్లు ఆయన గడప తొక్కినప్పుడల్లా "తర్వాత చూద్దాం లెండి" అని పంపించేవారు.

అందుకే మీరు ఓపికగా ఉన్నప్పుడే చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. పీపీఓ, డిశ్చార్జి బుక్కు, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. బతికున్నవాడి సంతకంతో తేలికగా అయ్యే పని, ఆయన పోయాక భార్యకు నెలలు పట్టిస్తుంది. పెన్షన్ ఖాతా ఇద్దరి పేరు మీదా ఉండనివ్వండి. ఏడాదికోసారి బతికున్నట్టు జీవన్ ప్రమాణ్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుందన్న సంగతి ఇంట్లోవాళ్లకు కూడా తెలియాలి. సాధారణ కుటుంబ పెన్షన్ ఆఖరి జీతంలో 30 శాతమని, మీకొస్తున్న దానికంటే తగ్గుతుందని ఆవిడకు ముందే చెప్పండి. వైకల్యమున్న బిడ్డ గానీ, భర్త పోయి పుట్టింట్లో ఉంటున్న కూతురు గానీ ఉంటే వాళ్లకూ నిబంధనల మేరకు హక్కు ఉంటుంది, కాని రికార్డులో పేరు ఎక్కించి ఉండాలి. ఇవన్నీ ఇంట్లో కూర్చుని మీరొక్కరే చేసుకోవచ్చు. చేసుకోరని నాకు తెలుసు. పదిమంది కలిసి ఒక ఆదివారం కూర్చుంటే అవుతాయి.

వీరమరణమైతే ఊరంతా తోడుంటుంది. 2021 జూలై 8న రాజౌరి జిల్లా సుందర్‌బనీ సెక్టార్‌లో జరిగిన ఎదురుకాల్పుల్లో బాపట్ల మండలం దరివాద కొత్తపాలెం కుర్రాడు మరుప్రోలు జశ్వంత్‌రెడ్డి ప్రాణమిచ్చాడు. వయసు 23. రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి 50 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. ఊళ్లకు ఊళ్లు కదిలాయి. అలా కదలాల్సిందే. అయితే మనలో ఎక్కువమందికి రాసి ఉన్నది ఆ చావు కాదు. డెబ్భై దాటాక షుగరో, గుండెపోటో, ఇంట్లో మంచం మీద. ఆ రోజు ఏ అధికారీ రాడు. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు ఎవరి బస్సు వాళ్లు ఎక్కుతారు. అప్పుడు అటక మీది నల్ల ట్రంకు పెట్టె దించి, ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉన్న కాగితాలు ముందేసుకుని కూర్చునేది ఆవిడ ఒక్కతే.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది కదా, మళ్లీ సంఘమెందుకు అంటారు. మంచి ప్రశ్నే. సైనిక బోర్డుల వ్యవస్థ ఇప్పటిది కాదు, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డుగా మొదలైంది. జిల్లాలో దానికి కలెక్టరే అధ్యక్షులు. అయితే అది ప్రభుత్వ కార్యాలయం. మీరు వెళ్లి అడిగితే పలుకుతుంది. అడగడమే తెలియనివాళ్ల ఇంటికి అది నడిచి రాదు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాక తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది. బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లాయి. అప్పటి నుంచి ఏ కాగితం ఏ జిల్లా తలుపు తట్టాలో తెలియక తిరిగినవాళ్లను చూశాను. కాలువ చివరి భూముల సంగతి రేపల్లె వాళ్లకు నేను చెప్పాలా? నీళ్లు మన చేలదాకా రావాలంటే ఆయకట్టంతా కలిసి లాకుల దగ్గరికి వెళ్లాల్సిందే గదా. ఒక్కడు వెళ్తే "చూద్దాం" అంటారు. ప్రభుత్వ పథకాలకూ అదే వరస.

ఎలాంటి పథకాలంటారా? పదిహేనేళ్ల సర్వీసు నిండకుండా బయటికొచ్చి, పెన్షన్ లేనివాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. కొందరు ముసలితనంలో కూడా ఏ అపార్ట్‌మెంట్ దగ్గరో, ఏ రైస్ మిల్లు దగ్గరో వాచ్‌మన్లు. అరవై అయిదు దాటిన అలాంటివాళ్లలో హవల్దారు హోదా వరకు ఉన్నవారికి, అలాంటివారు పోతే వారి భార్యలకు రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి నెలనెలా సాయం అందుతుంది. నెలకు 4,000 రూపాయలుగా ఉన్న ఆ మొత్తాన్ని 8,000కు పెంచుతున్నట్టు 2025 అక్టోబర్‌లో కేంద్రం ప్రకటించింది. కూతురి పెళ్లి సాయం 50,000 నుంచి లక్షకు, పిల్లల చదువు సాయం నెలకు వెయ్యి నుంచి రెండు వేలకు పెరిగాయి. వీటికి దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లాలి. పెన్షనే లేనివాడు ఏ ఆఫీసు కంప్యూటర్లోనూ నెలనెలా కనపడడు. అతన్ని గుర్తుపట్టగలిగేది పక్క ఊరి మాజీ సైనికుడే.

వైద్యం సంగతీ అంతే. 2003 ఏప్రిల్ నుంచి ఈసీహెచ్‌ఎస్ నడుస్తోంది. కార్డు అందరి దగ్గరా ఉంది, నియమాలు కొందరికే తెలుసు. అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే ముందు దొరికిన ఆసుపత్రికే తీసుకెళ్తాం, తప్పు లేదు. జాబితాలో లేని ఆసుపత్రి అయినా సరే, 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు కబురు చేరాలి. ఆ కబురు పోక లక్షల బిల్లు నెత్తిన పడ్డ ఇళ్లున్నాయి. ఆ వేళ ఆసుపత్రి వరండాలో ఉండే భార్యకు నియమం గుర్తు రాదు, ఒక ఫోన్ నంబరు గుర్తు రావాలి. సంఘం ఇవ్వాల్సింది అదే.

ఇక డబ్బు మాట. ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ బకాయిలు మీ ఖాతాల్లో పడ్డాయా లేదా? ఊరికే పడలేదు. 1973లో మూడో వేతన సంఘం తర్వాత జవాను పెన్షన్ జీతంలో సగానికి దిగినప్పటి నుంచి ఆ గోడు ఉంది. 2015 జూన్‌లో జంతర్ మంతర్ దగ్గర ముసలి సిపాయిలు టెంటు వేసుకుని కూర్చున్నారు. సెప్టెంబర్ 5న ప్రభుత్వం ప్రకటన చేసింది, 2014 జూలై 1 నుంచి అమలన్నది. అందులోని లొసుగుల మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది ఇండియన్ ఎక్స్ సర్వీస్‌మెన్ మూవ్‌మెంట్ అనే సంఘం. 2022 మార్చి 16 తీర్పులో వాళ్లు అడిగినవన్నీ రాలేదు. ఏటా సవరించాలన్న కోరికను కోర్టు ఒప్పుకోలేదు, ఐదేళ్లకోసారి చాలన్నది. అయినా 2019 జూలై 1 నుంచి పెన్షన్ మళ్లీ లెక్కకట్టి ఇవ్వాలని ఆదేశించింది. ప్రభుత్వం బకాయిల దగ్గర జాగు చేస్తే మళ్లీ కోర్టులో నిలబడింది ఆ సంఘమే. 2023 మార్చి 20న కోర్టు గడువులు పెట్టింది: కుటుంబ పెన్షనర్లకు, శౌర్య పతకాల వారికి ఏప్రిల్ 30లోగా, డెబ్భై దాటినవారికి జూన్ 30లోగా, మిగతావారికి విడతలుగా 2024 ఫిబ్రవరిలోగా. ఎండలో కూర్చున్నది వేరేవాళ్లు, చందా కట్టింది వేరేవాళ్లు. మనం మెసేజ్ చూసుకుని బ్యాంకుకు వెళ్లాం.

సంఘాల మీద మీకున్న ఫిర్యాదులూ నేను ఎరుగుదును. నాయకుడికి మైకంటే మోజు. ఎన్నికల ముందు ఏదో ఒక పార్టీ వేదిక ఎక్కుతాడు. ఒకే ఊళ్లో రెండు సంఘాలు, రెండింటికీ జనవరి 26న వేర్వేరు జెండాలు. ఆఫీసర్లు ఒక వరస, జేసీఓలు ఒక వరస, జవాన్లు గోడ పక్కన. లెక్కల పుస్తకం అడిగితే ముఖం చిట్లింపు. ఇందులో అబద్ధం లేదు. బ్రిటన్‌లోనూ మొదటి యుద్ధం తర్వాత ఇలాగే నాలుగు సంఘాలు నాలుగు దారుల్లో నడిచాయి. 1921 మే నెలలో నాలుగూ కలిసి బ్రిటిష్ లీజియన్ అయ్యాయి. సంఘం బలం ఎంతదో అమెరికా చూసింది: అక్కడ మాజీ సైనికుల చదువులకు, ఇళ్లకు దారి చూపిన 1944 నాటి జీఐ బిల్లు తొలి చిత్తును రాసింది ప్రభుత్వ గుమాస్తా కాదు, అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘానికి ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన హ్యారీ కొల్మరీ అనే వకీలు. నాయకత్వం బాగాలేదని బయట నిలబడితే అది బాగుపడదు. లోపలికి వచ్చి లెక్క అడగండి. అడిగే హక్కు రసీదు ఉన్నవాడికే ఉంటుంది.

సంఘాల పెద్దలకూ ఒక మాట. మీ సభల్లో ఆడవాళ్లు ఎందుకు కనపడరు? నా మాట వింటే ప్రతి సంఘంలోనూ సగం కుర్చీలు భార్యలకు వేస్తారు. జనవరి 14న వెటరన్స్ డే చేస్తున్నారు, మంచిదే. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజది. ఆ రోజు శాలువాలు కప్పే బదులు ఒక బల్ల వేసి, ఒక ల్యాప్‌టాప్ పెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరి పీపీఓ ఆధార్‌తో సరిపోయిందో లేదో చూసి పంపండి. ఫొటో కావాలంటే ఆ బల్ల దగ్గరే దిగండి.

ఇంకో సంగతి మనం తప్పించుకోలేం. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద ఆర్మీలో మొదటి విడత కుర్రాళ్ల శిక్షణ 2023 మొదట్లో మొదలైంది. నాలుగేళ్లు పూర్తవగానే నలుగురిలో ముగ్గురు ఇంటికొచ్చేస్తారు. చేతిలో సేవా నిధి కింద 11.71 లక్షల రూపాయల దాకా ఉంటుంది. పెన్షన్ ఉండదు, ఈసీహెచ్‌ఎస్ ఉండదు, క్యాంటీన్ ఉండదు, పథకం నిబంధనల ప్రకారం మాజీ సైనికుడన్న హోదా కూడా ఉండదు. మనూళ్ల పిల్లలే వాళ్లు. మన ఆర్టిలరీలో, మన సిగ్నల్స్‌లో చేసొచ్చేవాళ్లు. చేతిలో పదిలక్షలతో, పాతికేళ్లు కూడా లేని వయసులో తిరిగొచ్చే కుర్రాడి చుట్టూ మొదట చేరేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లను సభ్యులుగా తీసుకోవడానికి సంఘం నియమావళి అడ్డొస్తే నియమావళి మార్చండి. ప్రభుత్వం ఏ పేరు పెట్టినా, కవాతు చేసినవాడు మనవాడే.

కాబట్టి అన్నలారా, తమ్ముళ్లారా, మీకు దగ్గర్లో ఏ సంఘం ఉందో కనుక్కోండి. లేకపోతే మీ మండలంలో ఐదుగురు దొరికినా చాలు, ఒక రిజిస్టరు పెట్టి మొదలెట్టండి. అందులో పేరు, రెజిమెంట్, రికార్డ్ ఆఫీస్, భార్య పేరు రికార్డులో ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది అన్న ఐదు గళ్లుంటే సరిపోతుంది. ఈ వచ్చే మీటింగుకు ఆవిడను వెంటబెట్టుకుని, పీపీఓ జిరాక్సు జేబులో పెట్టుకుని రండి. సభ్యత్వ రసీదు మీ పేరున రాయించుకున్నా, దాన్ని ఆవిడ చేతికే ఇవ్వండి.

ఇట్లు,
తెనాలి ప్రాంతపు ఒక మాజీ హవల్దారు